కేన్స్‌లో స్టేషన్ వెనక మూడు రాత్రులు

ఫ్రాన్స్‌లోని కేన్స్‌లో సముద్రం పక్కనే ఉండాలని ఒక రాత్రికి 171 యూరోలు పెట్టి బాధపడ్డాం. తర్వాత మూడు రాత్రులు రైల్వే స్టేషన్ వెనక 84 యూరోల గదిలో హాయిగా ఉన్నాం. పెద్దవాళ్లని తీసుకెళ్లాలనుకునేవాళ్లకి ఈ తేడా చెప్పాలనే రాస్తున్నాను.

మేముండేది మ్యూనిక్‌లో. అక్టోబర్ 3 ఇక్కడ సెలవు. తెనాలి నుంచి వచ్చిన అమ్మని తీసుకుని నీస్ దాకా ఫ్లైట్‌లో, అక్కడి నుంచి ట్రైన్‌లో అరగంట పైన ప్రయాణం చేసి చేరాం. మనం కేన్స్ అంటాం గానీ అక్కడివాళ్లు చివరి అక్షరాలు పలకరు. ట్రైన్‌లో "కాన్" అని వినిపిస్తే దిగిపోవాలి.

లేవగానే సముద్రపు గాలి తగలాలని మొదటి రాత్రి అమ్మ కోసమే క్రొవాజెట్ వెనక వీధిలో హోటల్ తీసుకున్నాం. క్రొవాజెట్ అంటే పెద్ద పెద్ద హోటళ్లున్న బీచ్ రోడ్డు. గది బాగానే ఉంది. పొద్దున కిందికి దిగితే రూమ్ నంబర్ అడిగి, నవ్వుతూ టేబుల్ చూపించారు. బ్రేక్‌ఫస్ట్ గది అద్దెలోనే కలిసి ఉందనుకున్నారు మావారు. లేదని ఒక్కళ్లూ చెప్పలేదు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఒక అరటిపండు, సగం బ్రెడ్డు ముక్క, టీ, అంతే. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో మనిషికి 19 చొప్పున 57 యూరోలు వేశారు. అడిగితే లిఫ్ట్ పక్కన అంటించిన ఫ్రెంచ్ కాగితం చూపించారు. మావారు పది నిమిషాలు వాదించినా ఒక్క యూరో తగ్గించలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, అమ్మ వెంటనే రూపాయల్లో లెక్క వేసుకుని, "నేను తిన్న అరటిపండుకి ఇంతా?" అని మధ్యాహ్నం దాకా ముభావంగా కూర్చుంది. ఆ పూట పోయింది. టేబుల్ దగ్గర కూర్చునే ముందే ధర అడగండి, మొహమాటపడొద్దు.

రెండో హోటల్‌కి పట్టాలు దాటి అవతలికి వెళ్లాలి. రెండు నక్షత్రాలది, లిఫ్ట్ లేదు, మాకిచ్చిన గది రెండో అంతస్తులో. రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడ అమ్మ మోకాలు పట్టుకుని మెట్లెక్కడం చూసి, ఏమీ అడగకుండానే తాళం మార్చి కింది గది ఇచ్చింది. అదనంగా ఒక్క పైసా తీసుకోలేదు. ఊరి పన్ను విడిగా కట్టాలని డబ్బు తీసుకునే ముందే కాగితం మీద రాసి చూపించింది. బాత్రూమ్ మరీ ఇరుకు, తెల్లవారుజామున ట్రైన్ల చప్పుడు వినిపిస్తుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం. బీచ్‌కి నడిచి పావుగంట.

అమ్మ ఏం తింటుందని ఆవిడ ఫోన్‌లో తర్జుమా పెట్టి అడిగింది. శనగపిండి అనగానే మొహం వెలిగిపోయింది. "సొక్కా" అని రాసి, ఫోర్‌విల్ మార్కెట్‌కి దారి గీసి ఇచ్చింది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రేకు పళ్లెంలో పోసి మండే పొయ్యిలో కాలుస్తారు. పైన కాస్త మాడి, లోపల మెత్తగా ఉంటుంది. మిరియాల పొడి చల్లి ఇస్తారు. మూడు ప్లేట్లు 12 యూరోలు. అమ్మ తన సంచిలోంచి నల్లకారం సీసా తీసి చల్లుకుని, "మన శనగపిండి అట్టే, ఉల్లిపాయ మర్చిపోయారు" అంటూ రెండో ప్లేటు కూడా అడిగింది. ప్రయాణం మొదలయ్యాక అమ్మ కడుపు నిండా తిన్నది అప్పుడే. సోమవారం మాత్రం అక్కడ కూరగాయలుండవు, పాత సామాన్లు అమ్ముతారు.

ఒక రోజు పడవలో సెయింట్ మార్గరీట్ దీవికి వెళ్లి, 1687 నుంచి పదకొండేళ్లు ఎవరో ఇప్పటికీ తేలని "ఇనుప ముసుగు" ఖైదీని ఉంచిన గది చూసి వచ్చాం. ఫిల్మ్ ఫెస్టివల్ జరిగే భవనం 24 మెట్ల మీద అమ్మకి ఫోటో తీశాం. ఆ పక్కనే ఉచిత బీచ్ ఉంది. నీస్‌లోలా గులకరాళ్లు కాదు, ఇసుక, పెద్దవాళ్లు భయం లేకుండా నడవొచ్చు. పడక కుర్చీలు అద్దెకిచ్చే ప్రైవేటు బీచ్‌ల జోలికి వెళ్లకండి, నీళ్లు ఒక్కటే.

గది తీసుకునే ముందు కేన్స్‌లో ఆ వారం ఏ సభలున్నాయో చూసుకోండి. మే నెలలో సినిమా పండగే కాదు, మార్చిలో రియల్ ఎస్టేట్ వాళ్లు, జూన్‌లో ప్రకటనల రంగం వాళ్లు, సెప్టెంబర్‌లో పడవల వాళ్లు వస్తారు. అప్పుడు స్టేషన్ వెనక గదులు కూడా చవగ్గా దొరకవు. రెస్టారెంట్లలో మంచినీళ్ల సీసా కొనొద్దు, "కరాఫ్" అని అడిగితే కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు.

సోమవారం బయల్దేరేముందు అమ్మ మిగిలిన నల్లకారం సీసా ఆ పెద్దావిడ చేతిలో పెట్టింది. సొక్కా మీద కొంచెమే వేసుకోవాలని వేలి కొన చూపించి మరీ చెప్పింది.