పిల్లల లైఫ్ జాకెట్: కాళ్ల మధ్య పట్టీ లేనిది కొనకండి

పూల్‌కో బీచ్‌కో బయల్దేరేముందు చాలామంది కొనేవి గాలి ఊదే చేతి ఫ్లోటర్లు. చవక, మడిస్తే సంచిలో ఓ మూల పడుంటాయి. అంతకుమించి వాటిని మెచ్చుకోవడానికేం లేదు. పిల్లాడు చేతులు పైకెత్తితే జారిపోతాయి. వాల్వు మూత లోపలికి పూర్తిగా నొక్కకపోతే కాసేపటికే మెత్తబడతాయి. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉండే 'మునగకుండా కాపాడదు' అన్న హెచ్చరిక ఊరికే వేసింది కాదు. అవి ఆటవస్తువులు.

కొనాల్సింది ఫోమ్ నింపిన జాకెట్. లోపలి లేబుల్ మీద ఐఎస్ఓ 12402 (లైఫ్ జాకెట్ల అంతర్జాతీయ ప్రమాణం) అని ఉందో లేదో చూడండి. దాని పక్కన 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లు, సాయం దగ్గర్లో ఉన్నచోట వేసుకునేది. ఈత రాని పిల్లలకు 100 ఉన్నది, మెడ వెనక ఫోమ్ కాలరున్నది తీసుకోండి. వెల్లకిలా తిప్పి మొహాన్ని నీటిపైన ఉంచేందుకు తోడ్పడేది ఆ కాలరే. ఆ అంకెలు పెద్దవాళ్ల సైజు లెక్కలో తేలించే బలం, న్యూటన్లలో. చిన్న సైజులో అది అంతకంటే తక్కువే ఉంటుంది, అది లోపం కాదు.

'పెరుగుతాడు కదా' అని ఒక సైజు పెద్దది కొనే అలవాటు యూనిఫాంకి పనికొస్తుందేమో గానీ ఇక్కడ ప్రమాదం. వయసు కాదు, లేబుల్ మీది బరువు చూడాలి. తొడిగాక జిప్, బకిళ్లు పెట్టి, పట్టీలను కింది నుంచి పైకి బిగించండి. కాళ్ల మధ్య పట్టీ చివర్లో, రెండు వేళ్లు దూరేంత వదులుతో. తర్వాత భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పెద్దదైనట్టే. కాళ్ల మధ్య పట్టీ లేని జాకెట్ నీళ్లలో సరిగ్గా ఇలాగే పైకి లేస్తుంది, పిల్లాడు కిందికి జారతాడు. అందుకే మిగతావన్నీ బాగున్నా పట్టీ లేకపోతే వదిలేయమనేది. మొదటిసారి మీ నడుము లోతు నీళ్లలో పట్టుకుని పరీక్షించండి: వెనక్కి వాలితే నోరు నీటిపైనే ఉండాలి.

పాపికొండల పడవ యాత్రకు మీ సొంత జాకెట్టే తీసుకెళ్లడం మేలు. పడవలో పెద్దవాళ్ల సైజు చేతికిస్తే పిల్లలకు అది ఉన్నా లేనట్టే. రంగు నారింజో పసుపో ఉండాలి, నీలం నీళ్లలో కలిసిపోతుంది.

పారే కాలువలకు మాత్రం ఏ జాకెట్టూ జవాబు కాదు. మనిషిని తేలుస్తుంది గానీ ప్రవాహాన్ని ఆపదు. సిమెంటు గట్టుకు చేతికి పట్టు దొరకదు, తూముల దగ్గర నీరు లోపలికి లాగుతుంది. పూల్‌లో కూడా పెద్దవాళ్లు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి, ఫోను పక్కన పెట్టి. ఇంట్లో సంపు, డ్రమ్ము సంగతి వేరే. అక్కడ పడేటప్పుడు పిల్లాడి ఒంటిమీద జాకెట్ ఉండదు కాబట్టి, తాళం వేసిన మూతే కావాలి.

వాడాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. డాబా మీది ఎండకు గుడ్డ, బకిళ్లు పెళుసవుతాయి. దిండులా వేసుకుని కూర్చుంటే ఫోమ్ అణిగిపోతుంది. నొక్కి వదిలితే తిరిగి లేవని ఫోమ్, పగిలిన బకిల్ కనిపిస్తే పారేయాల్సిందే. పారేసేముందు పట్టీలు కత్తిరించండి, ఇంకెవరో తీసుకెళ్లి తమ పిల్లలకు తొడగకుండా.