ఊరికే వచ్చేదానికి లెక్క ఎందుకు కడుతున్నానంటే: యూట్యూబ్ ప్రీమియంతో నా నాలుగేళ్లు

కడప ఎర్రముక్కపల్లిలో నాది చిన్న టైలరింగ్ షాపు. బ్లౌజులే ఎక్కువ కుడతా. 2021 దసరాకు ముందు యూట్యూబ్ ప్రీమియం తీసుకున్నా, అంటే నెలనెలా డబ్బు కడితే యూట్యూబ్‌లో ప్రకటనలు రావు. మధ్యలో రెండు నెలలు మానేసి మళ్లీ కట్టా, ఇప్పటికీ కడుతున్నా. షాపుకొచ్చే ఆడోళ్లకి ఈ సంగతి తెలిస్తే దాదాపు అందరిదీ ఒకటే మాట: "ఊరికే వచ్చేదానికి లెక్క కట్టేదేందిక్కా?" లెక్కంటే మా వైపు డబ్బు. మిషన్ తొక్కుతూ వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

ప్రిన్సెస్ కట్ అనే బ్లౌజు మోడల్ నేను నేర్చుకుంది వీడియోలు చూసే. నేర్పే ఆమె టేపు పెట్టి చంక లోతు గుర్తేసి, అక్కడి నుంచి చాక్‌పీసుతో వంపు తిప్పుతుంటుంది. ఆ వంపు సగంలో ఉండగా ప్రకటన పడేది. నా ఎడమచేయి గుడ్డ జరక్కుండా అదిమిపట్టి ఉంటుంది, కుడిచేతిలో కత్తెర. స్కిప్ నొక్కడానికి 5 సెకన్లు ఆగాలి, కొన్నిటికి ఆ స్కిప్ కూడా రాదు. చెయ్యి తీస్తే గుడ్డ జరుగుతుంది, తీయకపోతే వీడియో కదలదు. ఒకరోజు నా తొందర కొద్దీ, వీడియో మళ్లీ మొదలవకముందే వంపు ఊహించుకుని కత్తిరించేశా. పట్టు గుడ్డ, అర అంగుళం లోపలికి పోయింది. తప్పు నాదే. వైవీ స్ట్రీట్ మొత్తం తిరిగి అదే రంగు గుడ్డ వెతికి తెచ్చి, నా చేతి డబ్బులతో కుట్టిచ్చా. ఆ వారంలోనే ప్రీమియం తీసుకున్నా.

మన దేశంలో ఇది 2019 మార్చిలో వచ్చింది. ఒక్కరికైతే నెలకి 129 రూపాయలుండేది, 2024 ఆగస్టులో 149 చేశారు. ఇంట్లో ఒకరు కడితే ఇంకో ఐదుగురు వాడుకునే ఫ్యామిలీ ప్లాన్ 189 నుంచి ఏకంగా 299కి పోయింది. చీరకి ఫాల్, పీకో చేస్తే నేను 100 తీసుకుంటా. నా లెక్కలో 149 అంటే చీరన్నర పని, 299 అంటే మూడు చీరల పని. అందుకే పెరిగిన ధర చూసి నిజంగా బాధేసింది, ఆపేశా.

ఆపేసిన ఆ రెండు నెలలే నాకు అసలు సంగతి తెలిపాయి. దసరా, దీపావళి గిరాకీ ఒకేసారి మీద పడింది. ప్రకటనలకి నేను ఎట్లాగో ఓర్చుకున్నా. మా అత్తమ్మ మాత్రం ఓర్చుకోలేకపోయింది. సాయంత్రం దీపం పెట్టి అన్నమయ్య కీర్తనలు పెట్టుకుని కూచుంటుంది. తాళ్లపాక మా పక్కనే కదా, ఆమెకి అన్నమయ్య అంటే సొంతింటి మనిషి. ప్రీమియం ఉన్నప్పుడు పాట పెట్టి స్క్రీన్ ఆపేసి ఫోను దేవుడి గూటి పక్కన పెడితే అది పాడుతూనే ఉండేది. అది లేకపోయేసరికి స్క్రీన్ ఆపితే పాట ఆగిపోయేది. స్క్రీన్ వెలుగుతూ ఉంటే ఆమెకి కళ్లు మంట, ఫోనుకి చార్జింగ్ తక్కువ. నాలుగు రోజులు చూసి ఫోను పక్కన పెట్టేసింది. "వద్దులేమ్మా, నాకేం తోచకుండా లేదు" అన్నది. ఆ మాట నాకు గుచ్చుకుంది. దీపావళి కాగానే మళ్లీ కట్టా.

మా ఆయన రాయచోటికి సరుకు బండి తోలుతాడు. గువ్వలచెరువు ఘాటులో సిగ్నల్ నిలవదు. ప్రీమియం ఉంది కాబట్టి రాత్రే వైఫైలో పౌరాణిక నాటకాల పద్యాలు డౌన్‌లోడ్ చేసిపెడతా, ఘాటంతా వింటూ పోతాడు. నెలకొకసారైనా ఫోనుకి నెట్ తగిలితే చాలు, అవి పోవు.

ఇక నా కస్టమర్ల మాటలు. పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒకాయన, భార్య బ్లౌజుల కోసం వచ్చి, "డేటాకి లెక్క కడుతున్నా, ప్రకటనలు చూస్తున్నా, ఇంకా ఏం కట్టాలమ్మా?" అన్నాడు. ఆ మాటని నేను కొట్టిపారేయలేను. కూలికి పోయే ఇంట్లో 149 అంటే చిన్నదేం కాదు, కట్టనోళ్లని నేను ఒక్క మాట అనను. కానీ ఆయనకి ఒకటి చెప్పా. నేను కట్టిన డబ్బంతా కంపెనీకే పోదు. ప్రీమియం రాబడిలో 55 శాతం వీడియోలు చేసేవాళ్లకి పంచుతారు, మనం ఎవరిది ఎంతసేపు చూశామన్న దాన్ని బట్టి. నాకు ప్రిన్సెస్ కట్ నేర్పిన ఆమె ముఖం కూడా నేను చూడలేదు, వీడియోలో ఆమె చేతులే కనిపిస్తాయి. ఆమె నేర్పిన పనితో నేను నాలుగు రూపాయలు సంపాదిస్తున్నా. అందులో కొంచెం ఆమెకి చేరుతుందంటే నాకు తృప్తి.

కట్టాక కూడా పోనిది ఒకటుంది. వీడియో చేసేవాళ్లే మధ్యలో నూనె గురించో, యాప్ గురించో చెప్పే మాటలు అట్లానే ఉంటాయి. అవి వాళ్లు సొంతంగా ఒప్పుకున్నవి, ప్రీమియం వాటిని తీయదు. తెలియక కట్టినోళ్లు ఇక్కడే మోసపోయామనుకుంటారు.

పక్కింటి పిల్లోడు ఒకడు "అంతా ఫ్రీగా వచ్చే మోడ్ యాప్ వేస్తా ఆంటీ" అన్నాడు. అసలు యాప్‌ని ఎవరో మార్చి చేసింది అది. వద్దన్నా. ఎవరు చేశారో తెలియని యాప్‌లో నా ఈమెయిల్ పాస్‌వర్డ్ కొట్టాలంట. అదే ఫోనులో నా ఫోన్‌పే ఉంది, కస్టమర్లు వేసే డబ్బులన్నీ దాంట్లోకే వస్తాయి.

ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే దగ్గర మాత్రం జాగ్రత్త. వేరే సినిమాల యాప్ ఒకటి, పేరు వద్దులే, నెల రోజులు ఉచితమని చేర్చుకుని తర్వాత ఏడాది డబ్బు ఒకేసారి లాగేసింది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు పోయేముందు 24 గంటలకైనా మెసేజ్ రావాలి. వచ్చింది కూడా. గిరాకీలో పడి నేను చూసుకోలేదు. ఇప్పుడు ఏ నెల ఏ తేదీకి ఎంత పోతుందో కొలతల పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టుకున్నా.

తీసుకోవాలనుకునేవాళ్లకి: చదువుకునే పిల్లలకైతే స్టూడెంట్ ప్లాన్ 89 ఉంది. ఫ్యామిలీ ప్లాన్ ఒకే ఇంట్లో ఉండేవాళ్లకే. ఐఫోన్ ఉన్నోళ్లు యాప్ లోపల కాకుండా బ్రౌజర్‌లో కట్టండి, యాప్‌లో ధర ఎక్కువ. వద్దనుకుంటే ఎప్పుడైనా ఆపుకోవచ్చు, కట్టిన నెల పూర్తయ్యేదాకా నడుస్తుంది.