ఆర్‌ఎక్స్‌ 100తో మట్టిబాటల్లో: నా కోపమంతా ఒక్క సీలు మీదే

యమహా ఆర్‌ఎక్స్‌ 100 బండి గురించి కొత్తగా చెప్పేదేముంది? 98 సీసీ, నాలుగు గేర్లు, ఆ శబ్దం, ఆ పికప్‌ అందరికీ తెలిసినవే. అనంతపురంలో నా వయసువాళ్ళను ఎవరిని కదిపినా "మా చిన్నాయనకు ఉండేది" అని మొదలుపెడతారు. అదంతా వదిలేస్తాను. వరండాలో విప్పి, మళ్ళీ కట్టి, పొలం బాటలకు తగ్గట్టు మార్చుకుని చాలాకాలంగా తిప్పుతున్నవాడిగా నేను చెప్పాలనుకున్నది ఒకే వస్తువు గురించి. క్రాంకుకు (పిస్టన్‌ కింద తిరిగే ఇరుసు) మాగ్నెట్‌ (కరెంటు పుట్టించే చక్రం) వైపు కూర్చునే ఆయిల్‌ సీలు. చిన్న రబ్బరు రింగు. ట్యాంకు తుప్పు, ఆర్‌సీ రెన్యువల్‌, దొరకని సైడ్‌ ప్యానెళ్ళు, ఇవన్నీ కలిసినా దాని అంత టెన్షన్‌ పెట్టలేదు.

ముందు బండి ఏ పనికో చెప్పాలి. మా పొలం ఉరవకొండ వైపు. కూడేరు దాకా ఎక్కువగా ఎర్రనేలే, ఉరవకొండ దగ్గరపడేకొద్దీ నల్లరేగడి. ఎర్రనేలలో ఏ బండైనా పోతుంది. నల్లరేగడిలో ఒక వాన పడిందంటే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య బంకమన్ను బిగుసుకుని ముందు చక్రం తిరగదు, పుల్ల పట్టుకుని గీక్కోవాల్సిందే. అందుకని ముందు మడ్‌గార్డు పైకి ఎత్తించాను, బటన్‌ టైర్లు వేయించాను, వెనక పెద్ద స్ప్రాకెట్‌ (చైన్‌ పళ్ళచక్రం) పెట్టాను. హైవే మీద వేగం తగ్గింది, బురదలో లాగుడు పెరిగింది. సైలెన్సర్‌ జోలికి పోలేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ఒప్పుకోదు కాబట్టి, కోసి వెల్డింగ్‌ చేసే పని ఏదీ పెట్టుకోలేదు. పాత మడ్‌గార్డు, పాత టైర్లు, పాత స్ప్రాకెట్‌ గోనెసంచిలో భద్రంగా ఉన్నాయి. 15 ఏళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రెన్యువల్‌ ఉంటుంది కదా, అప్పటికి అన్నీ బయటికి వస్తాయి.

ఇంట్లో చేసుకోవడానికి ఇంత వీలైన ఇంజన్‌ నేను చూడలేదు. హెడ్డులో వాల్వులు లేవు, క్యామ్‌ లేదు, టైమింగ్‌ చైన్‌ లేదు. నాలుగు రింగు పానాలు, ఒక ప్లగ్‌ పానా, ఒక మాగ్నెట్‌ పుల్లర్‌ ఉంటే సగం పని అయిపోయినట్టే. మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే సాయంత్రం టీ వేళకు బోరు (పిస్టన్‌ ఆడే సిలిండరు) చేతిలో ఉంటుంది. వంద కేజీల పైచిలుకు బరువే కాబట్టి కింద మొద్దు పెట్టి ఒక్కడే ఎత్తుకోవచ్చు కూడా.

సీలు సంగతికి వద్దాం. ఫోర్‌ స్ట్రోక్‌ బండిలో ఒక సీలు పోతే నేల మీద నూనె మరక పడుతుంది, తీరిగ్గా మార్చుకోవచ్చు. ఆర్‌ఎక్స్‌ లాంటి టూ స్ట్రోక్‌లో కార్బొరేటర్‌ నుంచి వచ్చే గాలి, పెట్రోలు, నూనె ముందు క్రాంకు కేసులోకి దిగి, అక్కడ నొక్కుడు పడి, పక్క దారుల్లో బోరులోకి ఎక్కుతాయి. అంటే క్రాంకు కేసే ఒక పంపు. దానికి రెండు చివర్లా రెండు సీళ్ళు. క్లచ్‌ వైపు సీలు పోతే ఇంజన్‌ గేర్‌ ఆయిల్‌ తాగుతుంది, తెల్ల పొగ కొడుతుంది, ఎవరైనా కనిపెడతారు. మాగ్నెట్‌ వైపు సీలు పోతే లోపలికి పోయేది ఉత్త గాలి. దానికి పొగ లేదు, మరక లేదు. పెట్రోలు పాలు తగ్గి, అంటే మిశ్రమం పలచబడి, ఇంజన్‌ కాగిపోతుంది.

నా బండికి జరిగింది అదే. క్రాంకు బేరింగులతో పాటు రెండు సీళ్ళూ కొత్తవే వేసి కట్టాను. మొదటి కిక్‌కే లేచింది. కొన్ని వారాలు బంగారంలా నడిచింది. ఆ తర్వాత ఒక చిత్రం మొదలైంది: యాక్సిలరేటర్‌ వదిలినా రేజ్‌ (ఇంజన్‌ తిరిగే వేగం) వెంటనే దిగేది కాదు. సప్తగిరి సర్కిల్‌లో సిగ్నల్‌ దగ్గర ఆగితే బండి తనంతట తాను గొంతు పెంచేది, పక్కవాళ్ళు నావైపు తిరిగి చూసేవాళ్ళు.

మా మెకానిక్‌ భాయ్‌ ఒక్క మాటలో తేల్చేశాడు. "కార్బొరేటర్‌ అన్నా. స్లైడ్‌ అరిగింది." కార్బొరేటర్‌ విప్పి జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న బెజ్జాల ముక్కలు) ఊదాం. కేబుల్‌ మార్చాం. తెలిసినవాళ్ళ బండిది మంచి కార్బొరేటర్‌ తెచ్చి పెట్టి చూశాం. రోగం తగ్గలేదు. ఒక్క విషయం మాత్రం నాకు వింతగా అనిపించింది: చోక్‌ కొంచెం లాగితే రేజ్‌ దిగేది. చోక్‌ లాగితే పెట్రోలు ఎక్కువ పోతుంది. దాంతో సర్దుకుందంటే ఎక్కడో గాలి ఎక్కువవుతోందని అర్థం. భాయ్‌తో ఆ మాట అంటే "గాలి ఏడనుంచి వస్తాదన్నా, ప్యాకింగులన్నీ కొత్తవే కదా" అన్నాడు.

కూడేరు దాటాక తిన్నటి రోడ్డు మీద మే నెల ఎండలో ఇంజన్‌ పట్టేసింది. చాలాసేపు ఒకే యాక్సిలరేటర్‌ మీద వచ్చి, ముందు గొర్రెల మంద అడ్డం రాగానే వదిలాను. అంతే, వెనక చక్రం కీచుమని బిగుసుకుంది. క్లచ్‌ నొక్కేసరికి బండి ఇంకొంత దూరం జారి ఆగింది. ఫిన్లకు (ఇంజన్‌ చుట్టూ ఉండే రెక్కలు) చెయ్యి దగ్గర పెట్టలేనంత వేడి. గొర్రెలు కాసే ఆయన వచ్చి బండినీ నన్నూ చూసి "నీళ్ళు పొయ్యమంటావా?" అని బాటిలు అందించాడు. కాగిన ఇనుము మీద నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఆ నీళ్ళు నేనే తాగాను. చల్లారాక కిక్‌ దిగింది, బండి లేచింది, మెల్లగా ఇల్లు చేరాను. కానీ హెడ్డు ఎత్తి చూస్తే సైలెన్సర్‌ వైపు బోరు గోడకు పిస్టన్‌ అల్యూమినియం చారలు చారలుగా అంటుకుని ఉంది.

లేత్‌ షాపులో 0.25 మి.మీ. ఓవర్‌సైజుకు బోరు కొట్టించి (అంటే లోపల అంత పెద్దది చేయించి) కొత్త పిస్టన్‌ వేస్తే మళ్ళీ నడిచేది, నిజమే. గాలి ఎక్కడ దూరుతోందో తెలియకుండా వేస్తే అదీ పట్టేసేది. అప్పుడు గుర్తొచ్చింది అమ్మ బీపీ మిషన్‌.

రబ్బరు బంతి నొక్కి గాలి ఎక్కించే పాతరకం మిషన్‌. గుండ్రటి మీటరులో ముల్లు 300 దాకా పోతుంది. పాదరసం 300 మి.మీ. అంటే దాదాపు 6 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్క). టూ స్ట్రోక్‌ ఇంజన్‌ లీకు పరీక్షకు చాలామంది వాడే ఒత్తిడి కూడా అంతే: ఆరు పీఎస్‌ఐ ఎక్కించి ఆరు నిమిషాలు నిలబడుతుందా అని చూస్తారు. పాత బోరూ పిస్టనూ తిరిగి బిగించి, పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి, ఆ బెజ్జంలో సన్న ఇత్తడి గొట్టం అతికించి, దానికి బీపీ మిషన్‌ ట్యూబు తగిలించాను. సైలెన్సర్‌ ఊడదీసి ఆ నోటికి లారీ ట్యూబు ముక్క పెట్టి పైన రేకు బిగించాను. కార్బొరేటర్‌ తీసిన చోట రబ్బరు బిరడా, ఆయిల్‌ పంపు గొట్టానికి క్లిప్పు. పిస్టన్‌ను అట్టడుగుకు దించితే పక్క దారులు తెరుచుకుని బోరూ క్రాంకు కేసూ ఒకటే గది అవుతాయి. ఇక బంతి నొక్కడమే.

అమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. "నాకు చూసేకి తీరిక లేదు గానీ దానికి చూస్తాండావా?"

ముల్లు 300 చేరకముందే వెనక్కి పడిపోవడం మొదలైంది. సబ్బునీళ్ళు బ్రష్షుతో పూశాను. హెడ్డు చుట్టూ ఏమీ లేదు. బోరు కింద ప్యాకింగ్‌ దగ్గర ఏమీ లేదు. ఇన్‌టేక్‌ రబ్బరు, అందరూ మొదట అనుమానించేది, అదీ బాగుంది. గేర్‌ ఆయిల్‌ పోసే బెజ్జం మూత తీసి అక్కడ పూశాను. క్లచ్‌ వైపు సీలు లీకయితే గాలి అక్కడికే వస్తుంది. బుడగ లేదు. పుల్లర్‌ వేసి మాగ్నెట్‌ లాగి, లోపలి ప్లేటు తీసి చూస్తే అక్కడంతా నల్లటి జిడ్డు. తుడిచి సబ్బునీళ్ళు పూసి బంతి నొక్కగానే సీలు పెదవి చుట్టూ పాలు పొంగినట్టు నురగ లేచింది.

అన్ని వారాలు కార్బొరేటర్‌ను తిట్టిన తర్వాత ఆ నురగ చూసిన సంతోషం ఇంతా అంతా కాదు. ఫోన్లో వీడియో తీసి భాయ్‌కి పంపాను. "ఇది నేను కూడా కొంటా అన్నా" అన్నాడు. మిషన్‌ అనుకున్నాను, బండి అట.

సంతోషం తర్వాత కోపం. సీలు పీకి చూస్తే రెండు తప్పులు కనిపించాయి. మొదటిది సీలుదే. కంపెనీ కవరులా అచ్చు వేసిన కవరులో, కంపెనీ ధర చెప్పి అమ్మిన సరుకు. పెదవి గోటితో నొక్కితే వంగాల్సింది గట్టి ప్లాస్టిక్కులా ఉంది. ఏ దుకాణమన్నది ఇక్కడ అనవసరం, అలాంటి కవర్లు చాలాచోట్ల వేలాడుతున్నాయి. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి పాత స్టాకు, లేదా ఎవరో పోసిన సరుకు. పాత స్టాకును కూడా కళ్ళు మూసుకుని నమ్మలేం, ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న రబ్బరు గట్టిపడుతుంది. రెండో తప్పు క్రాంకుది. దశాబ్దాల పాటు సీలు ఒకే చోట రాసుకుని అక్కడ సన్నని గాడి పడింది. గోరు ఆడిస్తే తగిలేంత. కొత్త సీలు పెదవి సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటోంది.

గాడి కోసం క్రాంకు మార్చనక్కర్లేదు. సీలును చివరిదాకా కొట్టకుండా ఒక వెంట్రుకవాసి బయటకే ఆపితే పెదవి అరగని చోట పడుతుంది. ఆ ఎత్తు సమానంగా రావడానికి సరిపోయే పైపు ముక్కను లేత్‌ మీద తీయించాను. సుత్తితో నేరుగా కొడితే సీలు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఈసారి సీలు కొలతలు చూసి, బేరింగులు అమ్మే దుకాణంలో పెదవి వంచి చూసుకుని కొన్నాను. ఆర్‌ఎక్స్‌ సీలు అని అడగలేదు. లోపలి కొలత, బయటి కొలత, మందం చెప్పాను, ధర కూడా తక్కువే పడింది. బోరు కొట్టించి, పోర్టుల (బోరు గోడలోని దారుల) అంచులు గరుకు కాగితంతో గుండ్రం చేసి (లేత్‌ వాళ్ళు ఇది మరిచిపోతారు, రింగు తగులుకుని విరుగుతుంది) మళ్ళీ కట్టాను. బీపీ మిషన్‌ తగిలిస్తే ముల్లు కదలలేదు. అప్పటినుంచి యాక్సిలరేటర్‌ వదిలితే రేజ్‌ పడుతోంది, ప్లగ్గు కాఫీపొడి రంగులో వస్తోంది, మిశ్రమం సరిగ్గా ఉందన్నమాట.

"ఇంట్లోనే చేసుకోవచ్చు" అని పైన రాసింది ఎందుకైనా మంచిది కొంచెం తగ్గించి చదువుకోండి. ఇంజన్‌ పైభాగం వరకు నిజం. క్రాంకు పిన్ను నొక్కడం, బోరు కొట్టడం వరండాలో అయ్యే పనులు కావు, మంచి లేత్‌ మనిషి దొరకాలి. నాకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాడు. మొదటి కిక్‌కే లేస్తుందన్న మాట కూడా ఎండాకాలానికి చెల్లుతుంది. డిసెంబరు తెల్లవారుజామున చోక్‌ వేసి ఓపిగ్గా కొట్టాలి. బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. పాత జెట్టుతో నడిపితే మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది, అందుకే మెయిన్‌ జెట్టు ఒక సైజు పెంచాను. వారం రోజులు తీయకపోతే కార్బొరేటర్‌ గిన్నె ఖాళీ చేసి పెడతాను. ఆయిల్‌ పంపు తీసేసి పెట్రోల్లోనే కలుపుకోమని చాలామంది సలహా. నేను తీయలేదు. కానీ పొడుగాటి దిగుడు మీద యాక్సిలరేటర్‌ మూసేసి దిగితే పంపు కూడా నూనె తగ్గిస్తుంది, కాబట్టి మధ్యమధ్యలో కొంచెం తిప్పుతూ ఉంటాను. ఎర్రదుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, స్పంజి ఫిల్టరు కడిగి నూనెలో పిండి పెట్టకపోతే కొత్త బోరు కూడా ఎక్కువ కాలం ఉండదు.

మీరు ఇలాంటి బండి తీసుకోవచ్చా అంటే, ఇంట్లో రోజువారీ పనికి ఇంకో బండి ఉండాలి. నాకు ఉంది. బండి నిలబడిపోయినా పాలకో బడికో ఆగిపోయే పరిస్థితి లేదు. పిల్లల్ని ఎక్కించుకుని నేను దీనిమీద ఎక్కడికీ వెళ్ళను. ఉరవకొండ పొలం లేకపోతే బటన్‌ టైర్లు వేసేవాడినే కాదు, ఊళ్ళో తారురోడ్డు మీద అవి గోలే తప్ప పట్టు ఇవ్వవు. బాగుచేసిన బండి అని ఎవరైనా అమ్మజూపితే రంగు చూడొద్దు. వేడెక్కేదాకా నడిపి, యాక్సిలరేటర్‌ ఒక్కసారి తిప్పి వదిలి, రేజ్‌ ఎంత త్వరగా దిగుతుందో చూడండి. ఒప్పుకుంటే మాగ్నెట్‌ మూత తీయించి లోపల జిడ్డు ఉందేమో కూడా చూడండి.

నా బండికి క్లచ్‌ వైపు సీలు మాత్రం ఇంకా ఆ పాత కవరులోదే. పరీక్షలో నిలబడింది కాబట్టి అప్పుడు కదిలించలేదు, దాన్ని మార్చాలంటే క్లచ్‌ మొత్తం విప్పాలి. ఈమధ్య గేర్‌ ఆయిల్‌ కొంచెం తగ్గినట్టు అనిపిస్తోంది. వేరుశనగ పీకడాలు అయ్యాక విప్పుతాను. బీపీ మిషన్‌ మాత్రం ఈసారి అడిగి తీసుకోవాలి, అమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.