ఆస్పత్రి విపత్తుకు సిద్ధమేనా? ప్రశ్నపత్రం, చెక్‌లిస్టు, డ్రిల్: ఏది మేలు?

భూకంపమో, వరదో, పెద్ద ప్రమాదమో వస్తే తట్టుకోగలరా అని ఏ ఆస్పత్రిని అడిగినా ముందు ఒక ఫైలు బయటికి వస్తుంది. ఆ ఫైలులో ఉన్నది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి వాడుకలో ఉన్న దారులు మూడు: సిబ్బందిని అడగడం, చెక్‌లిస్టు పట్టుకుని భవనాన్నీ సామగ్రినీ చూడడం, విపత్తు వచ్చినట్టే నటించి డ్రిల్ పెట్టడం. ఒక్కటే చేసే వీలుంటే, ముందుగా చెప్పకుండా పెట్టే చిన్న డ్రిల్‌కే నా ఓటు. అలాగని మిగతా రెండూ దండగని కాదు.

అన్నిటికంటే చవక ప్రశ్నపత్రం. వందమంది చేత ఒక్క పూటలో నింపించొచ్చు. చిక్కేమిటంటే, అందులో బయటపడేది మనిషికి తెలిసింది కాదు, తెలుసని అనుకుంటున్నది. నేను పరిశీలకుడిగా వెళ్ళిన ఒక డ్రిల్‌కి వారం ముందు దాదాపు అందరూ "ట్రయాజ్ తెలుసు" అని టిక్కు పెట్టారు. ట్రయాజ్ అంటే ఎవరికి ముందు చికిత్స చేయాలో తేల్చి రంగు ట్యాగులు కట్టడం: ఎరుపంటే వెంటనే చూడాలి, పసుపంటే కాసేపు ఆగొచ్చు. డ్రిల్ రోజు క్షతగాత్రుడి వేషం వేసిన ఒక కుర్రాడు గోడకు జారగిలబడి కూర్చున్నాడు. లేవలేడు, అరవడమూ లేదు. మెడలోని కార్డు మీద శ్వాస నిమిషానికి 36 అని రాసి ఉంది. అతనికి పసుపు ట్యాగ్ కట్టారు. పక్కన కాలు పట్టుకుని గగ్గోలు పెడుతున్న అతనికి ఎరుపు. స్టార్ట్ అనే ట్రయాజ్ పద్ధతి ప్రకారం నడవలేని మనిషికి శ్వాస 30 దాటితే ఇక వేరే ఆలోచన లేదు, ఎరుపే. ట్యాగ్ కట్టిన సిస్టర్‌కి ఆ లెక్క తెలియక కాదు. ఆ గోలలో కార్డు చదవలేదు, అంతే.

ఒక్క విషయంలో మాత్రం ప్రశ్నపత్రాన్ని మించింది లేదు. "అంటువ్యాధి ప్రబలితే డ్యూటీకి వస్తారా? మీరొస్తే ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు?" పేరు రాయక్కర్లేదంటే దీనికి ఉన్నదున్నట్టు చెబుతారు. తుఫానుకు వస్తామన్నవాళ్ళలోనే రేడియేషన్ అనగానే వెనకాడేవాళ్ళు కనిపిస్తారు. డ్రిల్‌లో ఇది తేలదు. డ్రిల్‌కి వచ్చినవాళ్ళు ఎలాగూ డ్యూటీలో ఉన్నవాళ్ళే.

చెక్‌లిస్టుల్లో బాగా తెలిసినది ప్రపంచ ఆరోగ్య సంస్థ హాస్పిటల్ సేఫ్టీ ఇండెక్స్. 2015 నాటి రెండో కూర్పులో 151 అంశాలున్నాయి. పునాది, స్తంభాలే కాదు, పైపులు, ఫాల్స్ సీలింగ్, ఆక్సిజన్ సరఫరా, మందుల నిల్వ కూడా చూస్తారు. అవన్నీ ఎందుకు చూడాలో కాలిఫోర్నియాలోని ఆలివ్ వ్యూ ఆస్పత్రిని అడగాలి. 1971 భూకంపంలో కొత్తగా కట్టిన ఆస్పత్రి పాడైతే, దాని స్థానంలో మరింత గట్టిగా కట్టారు. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు భవనం చెక్కుచెదరలేదు. కానీ లోపల నీళ్ళ పైపులు పగిలి, రోగులను బయటికి తరలించాల్సి వచ్చింది.

అయితే "జనరేటర్ ఉందా? ఉంది" అని టిక్కు పెట్టి ఊరుకుంటే లాభం లేదు. 2012లో శాండీ తుఫానుకు న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ ఆస్పత్రిలో నీళ్ళు బేస్‌మెంట్‌లోకి వచ్చాయి. ఇంధనం పంపులు ఉన్నది అక్కడే. బ్యాకప్ కరెంటు కూడా పోయి, 300 మందికి పైగా రోగులను తరలించారు, చాలామందిని మెట్ల మీదుగా. చెక్‌లిస్టు నింపేవారు ఇంధనం దారి వెంట నడుచుకుంటూ వెళ్ళాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక డ్రిల్. బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే టేబుల్‌టాప్‌తో ఎవరి ఆజ్ఞ ఎవరు వినాలో తేలుతుంది, చేతులు ఎలా కదులుతాయో తేలదు. తేదీ ముందే చెప్పి పెట్టే భారీ డ్రిల్ చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు ఉంటుంది. అందులో గాయపడినవాళ్ళు అంబులెన్సుల్లో, వరుసగా, ట్యాగులతో వస్తారు. నిజంగా అలా రారు. 1995లో టోక్యో సబ్‌వేలో సారిన్ అనే విషరసాయనంతో దాడి జరిగిన రోజు సెయింట్ లూక్స్ ఆస్పత్రికి 640 మంది వచ్చారు. చాలామంది సొంతంగా, శుభ్రం చేసుకోకుండా వచ్చినవాళ్ళే. వాళ్ళ బట్టల నుంచి వచ్చిన ఆవిరి సిబ్బందిలోనూ ఎందరికో సోకింది.

చెప్పకుండా పెట్టే డ్రిల్‌కి 20 నిమిషాలు చాలు, అదీ నైట్ షిఫ్ట్‌లో. ఐసీయూ జోలికి పోకూడదు. మొదటి ఫోన్‌లోనే "ఇది డ్రిల్" అని చెప్పాలి. నిజం కేసు వస్తే అక్కడికక్కడే ఆపేయాలి. సిబ్బందికి టెన్షన్ తప్పదు కాబట్టి తప్పు చేసినవాళ్ళ పేర్లు రిపోర్టులో ఉండవని కూడా ముందే చెప్పడం మంచిది.

అలాంటి ఒక రాత్రి విపత్తు సామాన్ల గది తెరవమన్నాం. చెక్‌లిస్టులో ఆ గదికి పూర్తి మార్కులు. తాళంచెవి స్టోర్ కీపర్ దగ్గర ఉంది, ఆయన సాయంత్రమే ఇంటికెళ్ళిపోయారు, ఫోన్ స్విచ్ఛాఫ్. మర్నాటికి రెండో తాళంచెవి క్యాజువాలిటీ కౌంటర్ వెనక మేకుకు వేలాడుతోంది.