ఇస్లామిక్ సామాజిక కేంద్రానికి ఎలాంటి తోట మేలు? లండన్, టొరంటో, కేంబ్రిడ్జ్ నమూనాల పరిశీలన

మసీదుకైనా సామాజిక కేంద్రానికైనా నక్షా గీసేటప్పుడు తోట సంగతి చాలాచోట్ల చివరికి గాని రాదు. భవనానికీ పార్కింగుకూ ప్రహరీకీ పోగా మిగిలిన జాగాలో నాలుగు మొక్కలు నాటి సరిపెడతారు. మొదటి నుంచీ తోటను నక్షాలో భాగంగా చూసిన కట్టడాలు కూడా ఉన్నాయి. వాటిలో లండన్‌లో షియా ముస్లింలలో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల కేంద్రం ఇస్మాయిలీ సెంటర్, టొరంటోలో ఆ శాఖ ఆధ్యాత్మిక నాయకుడి బిరుదుతో ఉన్న ఆగా ఖాన్ పార్కు, కేంబ్రిడ్జ్ సెంట్రల్ మసీదు ముఖ్యమైనవి. నీటిని నడుమ ఉంచి నేలను నాలుగు భాగాలు చేసే చార్‌బాగ్ పద్ధతే మూడింటికీ ఆధారం. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చుట్టూ ఉన్నదీ అదే. తేడా అంతా ఆ తోట ఎక్కడ ఉంది, అందులోకి ఎవరు అడుగుపెట్టగలరు అన్న దగ్గరే వస్తుంది.

లండన్ కేంద్రం 1985లో ప్రారంభమైంది. సౌత్ కెన్సింగ్టన్‌లో, నాలుగు వైపులా రోడ్లున్న ఇరుకైన స్థలంలో కట్టడం వల్ల తోటను పైకప్పు మీదికి ఎక్కించక తప్పలేదు. అక్కడ నడుమ ఫౌంటెన్, దాని నుంచి మూలల వైపు పారే కాలువలు ఉన్నాయి. కింద ట్రాఫిక్ రొద ఎంత ఉన్నా పైన ప్రశాంతంగా కూర్చోవచ్చు. అయితే భవనంలోకి వెళ్లి మెట్లెక్కితే తప్ప ఆ తోట కనిపించదు కాబట్టి, దారిన పోయే ఇరుగుపొరుగువారికి అది ఉన్నట్టే తెలియదు. నేల దొరకని చోట ఇది మంచి ఉపాయమే. నేల ఉన్న చోట దీన్ని ఎంచుకోవలసిన పని లేదు.

టొరంటో సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. సుమారు 6.8 హెక్టార్ల స్థలంలో ఒకవైపు ఆగా ఖాన్ మ్యూజియం, దానికి ఎదురుగా సికింద్రాబాద్‌లో పుట్టిన చార్లెస్ కొరియా రూపొందించిన ఇస్మాయిలీ సెంటర్ ఉంటాయి. రెంటి మధ్యన తోటను లెబనాన్‌కు చెందిన వ్లాదిమిర్ జురోవిచ్ తీర్చిదిద్దారు. నల్లని గ్రానైటు కొలనుల్లో నీరు అంచు దాకా నిండి ఉంటుంది. గాలి లేనప్పుడు భవనాలూ ఆకాశమూ అందులో తలకిందులుగా కనిపిస్తాయి. వరుసలు కట్టి నాటిన సర్వీస్‌బెర్రీ చెట్లు వసంతంలో తెల్లగా పూస్తాయి, వేసవి మొదట్లో పక్షులకు పళ్లిస్తాయి, శరత్తులో ఆకులు ఎర్రబారుతాయి. ఇరానులోనో స్పెయిన్‌లోనో పెరిగే దానిమ్మను, నారింజను పట్టుబట్టి తేకుండా, అక్కడి చలికి తట్టుకునే ఉత్తర అమెరికా చెట్టును ఎంచుకోవడం ఈ తోటలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం. కానీ ఇంత స్థలం, ఇంత రాయి, ఇంత నీటి నిర్వహణ చందాలతో నడిచే మామూలు కేంద్రానికి సాధ్యపడే మాట కాదు.

అందుకే 2019లో తెరిచిన కేంబ్రిడ్జ్ మసీదు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మిల్ రోడ్ ఫుట్‌పాత్‌ను ఆనుకునే ఒక చిన్న తోట ఉంది; అక్కడి బెంచీల మీద ఎవరైనా కూర్చోవచ్చు, ముస్లిం అయి ఉండనక్కరలేదు. అది దాటితే ఇస్లామిక్ ఉద్యానాల నిపుణురాలు ఎమ్మా క్లార్క్ ప్రమేయంతో రూపొందిన, నడుమ రాతి ఫౌంటెన్ ఉన్న నాలుగు భాగాల తోట. ఆ తర్వాత వసారా, వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేసే చోటు, చివరికి నమాజు హాలు వస్తాయి. వీధి హడావిడి నుంచి వచ్చిన మనిషి ఒక్కసారిగా ప్రార్థనలోకి దూకకుండా, అడుగడుగునా మనసు కుదుటపడేలా ఈ క్రమాన్ని అమర్చారు. పక్కింటివారికి మాత్రం మొదటి మెట్టు దగ్గరే స్వాగతం దొరుకుతుంది. కార్లను నేలమాళిగలోకి పంపడం వల్లనే ముందు భాగం తోటకు దక్కింది. కురిసిన వాన నీటిని పట్టి మొక్కలకూ మరుగుదొడ్లకూ వాడుతున్నారు. నీటిని వృథా చేయవద్దనే ఇస్లామ్ బోధనకు ఇంతకన్నా సూటి ఆచరణ ఉండదు.

నా తీర్పు కేంబ్రిడ్జ్ వైపే. అందులో తోట కొలత చిన్నదే అయినా, వీధికీ నమాజుకూ మధ్య అది చేసే పని పెద్దది. మన ఊళ్లలో కొత్తగా కేంద్రం కట్టేవారు నేలమాళిగ ఖర్చు భరించలేకపోతే, బండ్లను కనీసం భవనం వెనక్కి పంపి, గేటు పక్కన నీడనిచ్చే రెండు వేపచెట్లకూ కొన్ని అరుగులకూ చోటు విడవాలి. టొరంటో నుంచి స్థానిక చెట్లను ఎంచుకునే పద్ధతిని తీసుకోవచ్చు, అంత విశాలమైన కొలనులను మాత్రం వద్దు. మన ఎండలకు ఆవిరైపోయే నీటిని రోజూ నింపడం కష్టం. హైదరాబాద్ మక్కా మసీదు ఆవరణలోని హౌజ్ (నీటి కొలను) మాదిరిగా, వుజూకు పనికొచ్చే నీరే కంటికీ చల్లదనం ఇచ్చేలా అమర్చుకుంటే ఒకే నీటితో రెండు పనులూ జరుగుతాయి.