సర్ఫింగ్ బ్రాండ్ పెట్టాలంటే: బెంగళూరా, చెన్నై కోవళమా?

మారతహళ్లిలో ఉండే మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట) బట్టల బ్రాండ్ పెడతానంటున్నాడు. "పెట్టుబడి పెట్టేవాళ్లు, డిజైనర్లు, గార్మెంట్ యూనిట్లు అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా మామయ్యా, చెన్నై ఎందుకు?" అంటాడు. వాడి లెక్కలో తప్పేమీ లేదు. అయినా నా ఓటు చెన్నైకే, అందులోనూ ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదున్న కోవళానికి (కేరళ కోవళం వేరు).

ఆస్ట్రేలియాలో విక్టోరియా తీరాన టోర్కీ అని ఒక చిన్న ఊరు. పెద్ద సర్ఫింగ్ బ్రాండ్లయిన రిప్ కర్ల్, క్విక్‌సిల్వర్ రెండూ 1969లో అక్కడే పుట్టాయి. నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి రిప్ కర్ల్ వెట్‌సూట్లు (చలి ఆపే రబ్బరు సూట్లు) పట్టుకుంది. క్విక్‌సిల్వర్ నిక్కర్ల సంగతి చూసింది: నడుము దగ్గర వెనక కాస్త ఎత్తు, ముందు ప్రెస్ బటన్లు, వెల్క్రో. అల ఎంత లాగినా జారకూడదు, అంతే. ఇలాంటివి ఆఫీసులో కూర్చుంటే తట్టవు. కుట్టేవాడు, తొడుక్కునేవాడు ఒకే ఊళ్లో ఉంటే పొద్దున్న తెలిసిన లోపం సాయంత్రానికి సరైపోతుంది.

విదేశాలకు వెళ్లిన దారి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. టోర్కీ పక్కనే బెల్స్ బీచ్. 1976లో అక్కడి సర్ఫింగ్ పోటీ గెలిచిన అమెరికా సర్ఫర్ జెఫ్ హాక్‌మన్ క్విక్‌సిల్వర్ లైసెన్సు సంపాదించి, బాబ్ మెక్‌నైట్‌తో కలిసి కాలిఫోర్నియాలో అమ్మకం మొదలుపెట్టాడు. తర్వాత నైరుతి ఫ్రాన్స్ తీరం. అంటే బ్రాండు ఒక సర్ఫింగ్ ఊరి నుంచి ఇంకో సర్ఫింగ్ ఊరికి, సర్ఫర్ల చేతుల మీదుగానే వెళ్లింది. మన దగ్గర ఆ పరిచయాలకు వీలున్న చోటు మహాబలిపురం. వరల్డ్ సర్ఫ్ లీగ్ క్వాలిఫయింగ్ పోటీ 2023 ఆగస్టులో, ఆసియా చాంపియన్‌షిప్ 2025 ఆగస్టులో అక్కడే జరిగాయి. కోవళం నుంచి అరగంట దూరం.

ఎవరూ పెద్దగా పట్టించుకోని బలం ఇంకొకటుంది. కోవళం జాలర్ల పడవల్లో చాలా వరకు ఫైబర్‌వే. చిల్లు పడితే గ్లాస్ మ్యాట్ పరిచి, రెజిన్ పూసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతారు. సర్ఫ్‌బోర్డు రిపేరు కూడా దాదాపు ఇదే పని. ఇక బంగాళాఖాతంలో వెట్‌సూటు ఎవరికీ అక్కర్లేదు. ఎండకు వీపు కాలకుండా పొడుగు చేతుల రాష్‌గార్డు (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) కావాలి. ఇక్కడ పుట్టే బ్రాండుకు సరుకు అదే అవుతుంది. వేడి నీళ్లున్న దేశాలన్నీ దానికి మార్కెట్టే.

బెంగళూరుకు మార్కులు లేకపోలేదు. కాటన్ టీషర్టులకు తిరుప్పూరు ఉంది కానీ, బోర్డ్‌షార్టు (సర్ఫింగ్ నిక్కరు) నేసిన పాలియెస్టర్ బట్టతో కుట్టేది. ఆ రకం కుట్టుపనికి బెంగళూరు యూనిట్లే నయం. డబ్బు, ఆన్‌లైన్ అమ్మకాలు తెలిసిన కుర్రాళ్లు కూడా అక్కడే దొరుకుతారు. కానీ అల కావాలంటే రాత్రి బస్సెక్కి ఘాట్ దిగి, మంగళూరు దగ్గర ముల్కి దాకా వెళ్లాలి. శాంపిల్ బాగాలేదని తెలిసేసరికి వారం పోతుంది.

ఆటసామాన్లు అమ్మే డెకాథ్లాన్‌నే చూడండి. ప్రధాన కార్యాలయం ఫ్రాన్స్‌లో లిల్ దగ్గర, సముద్రానికి దూరంగా ఉంది. సర్ఫింగ్ సామాను డిజైన్ చేసేది మాత్రం బాస్క్ తీరాన ఆందాయ్‌లో. ఇండియా ఆఫీసు బెంగళూరులో ఉందని మావాడు గొప్పగా చెబుతాడు కానీ, ఈ ముక్క చెప్పడు.

అలాగని మంచి ఊరు దొరికితే గట్టెక్కినట్టే అని కాదు. క్విక్‌సిల్వర్ 2015లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. రిప్ కర్ల్ 2019లో 35 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు న్యూజిలాండ్ కంపెనీ కాత్మండు చేతికి వెళ్లింది.

కాబట్టి వాడికి చెప్పింది ఇదీ: మొదటి ఏడాది కోవళంలో ఒక గది, రెండు మిషన్లు, ఒక టైలరు చాలు. ఆర్డర్లు వచ్చాక కుట్టుపని బెంగళూరుకి ఇవ్వు. ముందు ఏ ప్రెస్ బటన్ ఉప్పునీటికి తుప్పు పట్టకుండా ఉంటుందో తేల్చుకో.