మిరపకాయల బావతో నాసిక్ వైన్ యాత్ర

మా బావ మహారాష్ట్రలోని ధర్మాబాద్ మార్కెట్లో మిరపకాయల వ్యాపారి. బస్తాలోంచి ఒక కాయ తీసి విరిచి వాసన చూశారంటే, అది బాగా ఎండిన సరుకో, తేమ మీదే బస్తాకెక్కిన సరుకో చెప్పేస్తారు. వైన్ అంటే మాత్రం చిన్నచూపు. "పులిసిన ద్రాక్షరసం కోసం నాసిక్ దాకానా? కల్లు మన పొలిమేరలోనే దొరుకుతుంది కదా!" అన్నారు. పూర్తిగా కాదనలేం. రెండింటిలోనూ ఈస్టు చేసే పని ఒకటే, చక్కెరను తిని ఆల్కహాలుగా మార్చడం. కాకపోతే కల్లు సాయంత్రానికే పులిసిపోతుంది, వైన్‌కు నెలలు పడుతుంది.

నాసిక్‌లో ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి వరకు సాగుతాయి కాబట్టి ఫిబ్రవరిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాసిక్ రోడ్డు స్టేషన్లో చీకటి ఉండగానే దిగాలి. ఆ వేళకు తలుపు తీసే లాడ్జిని ముందుగా మాట్లాడుకోండి. మేం మాట్లాడుకోలేదు, తెల్లారేదాకా ప్లాట్‌ఫారం బెంచీ మీదే కూర్చున్నాం.

మొదటి రాత్రి తోటల మధ్య బస. కిటికీ తీస్తే ద్రాక్ష వరుసలు, కళ్లకు పండగే. కానీ పక్కన పెళ్లివారి డీజే అర్ధరాత్రి దాటినా ఆగలేదు, పొద్దున వేణ్నీళ్లూ రాలేదు. రెండో రాత్రి పంచవటి వైపు మామూలు లాడ్జికి మారాం. అద్దె సగం కూడా లేదు, నిద్ర మాత్రం రెట్టింపు.

గంగాపూర్ డ్యామ్ దగ్గరి సులా వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు, చూడదగ్గదే. 1999లో రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన ఈ సంస్థతోనే నాసిక్ వైన్ పేరు దేశమంతా పాకింది. స్టీలు ట్యాంకులు, ఓక్ చెక్క పీపాలు చూసి బావ తలూపారు గానీ మనసు కరగలేదు.

కరిగింది ఒక చిన్న వైనరీలో. వైన్ పోసే అమ్మాయికి తొందర లేదు. "గ్లాసు కాడ పట్టుకోండి సార్, చేతి వేడికి చల్లదనం పోతుంది. ముందు వాసన చూడండి" అంది. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ముక్కు దగ్గర పెట్టుకుని బావ, "పచ్చి మిరపకాయ తొడిమ తుంచినట్టుంది" అన్నారు. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. క్యాప్సికంకు ఆ పచ్చి వాసననిచ్చే మెథాక్సీపైరజీన్లనే పదార్థాలే ఈ ద్రాక్షలోనూ ఉంటాయట. షిరాజ్ అనే ఎర్ర వైన్ వాసన చూడగానే "మిరియం" అన్నారు. అదీ నిజమే, మిరియాలకు ఆ వాసననిచ్చే రొటండోన్ అనే పదార్థం అందులోనూ ఉంటుంది. పుస్తకాలు చదివి వెళ్లిన నాకు ద్రాక్ష వాసన తప్ప ఇంకేమీ తగల్లేదు!

కబర్నే అనే ఇంకో ఎర్ర వైన్ తాగగానే నోరంతా పిడచగట్టింది. "వక్క నమిలినట్టుంది" అన్నారు బావ. అది టానిన్ అనే వగరు పదార్థం, ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగుతుంది. అన్నట్టు, సీసా మీద డ్రై అని రాసి ఉంటే తీపి మిగలనిదని అర్థం. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టి మొహం చిట్లించుకోకుండా, కాస్త తీపి మిగిలిన తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్‌తో మొదలుపెట్టి ఎర్రవాటికి వెళ్లడం మేలు. రుచి చూసి ఉమ్మేయడానికి గిన్నె పెడతారు. "ఉమ్మడానికా డబ్బులిచ్చింది?" అని బావ దాన్ని ముట్టుకోలేదు. తిరుగు ఆటోలో గురక పెట్టారు. ఆ ఆటోను కూడా ముందే మాట్లాడి ఉంచుకోవాలి, సాయంత్రం తోటల దగ్గర బండి దొరకదు.

ఇంకోచోట ఎర్ర వైన్‌ను ఐసులా చల్లగా పోసి, బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పారు. అంత చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోయి వగరే మిగులుతుంది. అక్కడ పెట్టిన డబ్బు దండగ.

ధర్మాబాద్ చేరాక అక్క మిరపకాయ బజ్జీలు వేసింది. వాటితో కబర్నే తాగితే నోరు మండిపోయింది. ఆల్కహాలూ టానినూ కలిసి కారాన్ని ఎగదోస్తాయి. చల్లటి షెనిన్ బ్లాంక్ మాత్రం మంటను చల్లార్చింది. బావ గ్లాసు తిప్పుతూ అక్క ముక్కు దగ్గర పెట్టి, "ఏం వాసన వస్తోంది, చెప్పు" అన్నారు.

"బజ్జీలు మాడుతున్న వాసన" అని అక్క వంటింట్లోకి పరుగెత్తింది.